సిలువ దారిలో నడిచిన నాయకుడు – ఆల్బర్ట్ లుథులి



విశ్వాసికి రాజకీయాలెందుకు, ప్రార్థన చేసుకుంటే చాలదా అనే ప్రశ్న మన సంఘాల్లో తరచు వినబడుతుంది. దానికి రెండు జవాబులు మనకు అలవాటైపోయాయి. రాజకీయం లోకసంబంధమైనది, దాని జోలికి పోవద్దన్నది మొదటిది. మనవాడొకడు గద్దె ఎక్కితే మన పనులు జరుగుతాయన్నది రెండవది. మొదటి జవాబు పొరుగువాణ్ణి మరచిపోతుంది. రెండవది పొరుగువాణ్ణి మెట్టుగా వాడుకుంటుంది. ఈ రెండూ కాని మూడో దారి ఒకటుందని దక్షిణ ఆఫ్రికాలో ఒక సంఘ ప్రసంగీకుడు తన జీవితంతో చూపించారు. నోబెల్ శాంతి బహుమతి పొందిన మొట్టమొదటి ఆఫ్రికావాసి ఆయనే. పేరు ఆల్బర్ట్ లుథులి.

తల్లి చేతుల కష్టం

లుథులి సుమారు 1898లో, ఇప్పటి జింబాబ్వేలోని బులవాయో దగ్గర పుట్టారు. తండ్రి అక్కడి మిషనులో దుబాసీగా పనిచేసేవారు. ఆ తండ్రి పేరు జాన్ బన్యన్ లుథులి. యాత్రికుని ప్రయాణం రాసిన బన్యన్ పేరును జూలూ కుటుంబం తమ బిడ్డకు పెట్టుకుందంటే, ఆ ఇంట్లో విశ్వాసం ఎంత లోతుగా వేరూనిందో ఊహించవచ్చు. పసివాడి ముద్దుముచ్చట చూడకుండానే ఆ తండ్రి కన్నుమూశారు. కొన్నేళ్లకు తల్లి మ్టోన్యా బిడ్డతో సొంత ఊరైన గ్రౌట్‌విల్ చేరారు. డర్బన్‌కు ఉత్తరాన, చెరకు తోటల మధ్య ఉన్న మిషను గ్రామం అది. ఆల్డిన్ గ్రౌట్ అనే అమెరికన్ మిషనరీ పేరు మీద వెలసింది. ఆయన పరిచర్యలో మొదట ప్రభువును నమ్ముకున్నవారిలో లుథులి తాతగారు ఒకరు.

తండ్రి లేని పిల్లవాడిని చదివించడానికి ఆ తల్లి తెల్లవారి ఇళ్ల బట్టలు ఉతికింది, కూరగాయలు పండించి అమ్మింది. మన పల్లెల్లోని విధవరాండ్రైన తల్లులను ఎరిగినవారికి ఈ కష్టం వివరించి చెప్పనక్కరలేదు. ఆ చేతుల కష్టంతోనే కొడుకు ఉపాధ్యాయ శిక్షణ పూర్తి చేశాడు, ఒక చిన్న ఊరి బడిలో చేరాడు. అక్కడే ఒక వృద్ధ సేవకుని ప్రభావంతో విశ్వాసంలో స్థిరపడి, సంఘంలో వాక్యం చెప్పడం మొదలుపెట్టాడు. తరువాత 1920లో ఆడమ్స్ కాలేజీలో పై శిక్షణకు వెళ్లారు. ఇంకా పై చదువుకు ఉపకారవేతనం ఇస్తామంటే వద్దన్నారు. అమ్మ ఇక కష్టపడకూడదని ఉద్యోగంలో చేరారు. అదే కాలేజీలో సుమారు పదిహేనేళ్లు బోధించారు, పిల్లలకు పాటలు నేర్పారు, ఆదివారాల్లో ప్రసంగించారు. 1927లో నోకుఖాన్యా అనే ఉపాధ్యాయినిని వివాహం చేసుకున్నారు. వారికి ఏడుగురు సంతానం.

కుర్చీలో కూర్చున్నాక కనబడిన సంగతి

గ్రౌట్‌విల్ పెద్దలు వచ్చి, మా ఊరికి నాయకుడిగా ఉండమని అడిగారు. ఆ ఊరి నాయకత్వం వంశపారంపర్యం కాదు. ప్రజలు ఎన్నుకుంటారు, ప్రభుత్వం ఆమోదిస్తుంది. జీతం మాత్రం కాలేజీలో వచ్చేదానికంటే తక్కువ. లుథులి చాలాకాలం ప్రార్థించి, ఆలోచించి ఒప్పుకున్నారు. 1936లో ఆ బాధ్యత స్వీకరించి సుమారు పదిహేడేళ్లు మోశారు.

ఆ కుర్చీలో కూర్చున్నాక ఆయన కళ్లు తెరచుకున్నాయి. బడిలో ఉన్నంతకాలం పిల్లల తెలివితేటలు కనబడ్డాయి. పంచాయతీ తీర్చడానికి కూర్చుంటే వారి తల్లిదండ్రుల ఆకలి కనబడింది. ఒక కుటుంబం ముక్కా చెక్కా పంచుకోవలసినంత చిన్న పొలాలు. పొలం చాలక మగవాళ్లు గనులకు, పట్టణాలకు వలసపోతే ఇళ్లు చెల్లాచెదురయ్యేవి. దీనికి కారణం ఆ ప్రజల సోమరితనం కాదు, దేశపు చట్టం. 1913 భూచట్టం దేశ జనాభాలో మూడింట రెండొంతులకు పైగా ఉన్న నల్లజాతివారికి దేశపు భూమిలో దాదాపు 7 శాతం మాత్రమే వదిలింది. 1936లో దాన్ని సుమారు 13 శాతానికి పెంచుతామన్నారు. మిగిలినదంతా ఇతరులది.

ఆయన మొదట చేసిన పని చిన్నదే. చెరకు పండించే చిన్న రైతులను ఒక సంఘంగా కూర్చారు. మిల్లుల దగ్గర వారి తరఫున మాట్లాడారు. ఊరి సభల్లో స్త్రీలకు చోటిచ్చారు. ఇది రాజకీయమా, పరిచర్యా? ఆయన ఆ రెంటినీ విడదీయలేదు. నెహెమ్యాను గుర్తుచేసుకోండి. యెరూషలేము ప్రాకారం కూలిపోయిందని విని ఆయన ఏడ్చి ఉపవాసముండి ప్రార్థించాడు. తరువాత రాజు దగ్గరకు వెళ్లి సెలవు అడిగాడు, అధికారులకు ఉత్తరాలు రాయించుకున్నాడు, రాళ్లు మోయించాడు. ఆ ప్రార్థనను ఆ ఉత్తరాలను ఒకే గ్రంథంలో చదువుతున్నాం మనం.

మన దేశంలో అడుగుపెట్టిన సంవత్సరం

1938 డిసెంబరులో మద్రాసు దగ్గర తాంబరంలో అంతర్జాతీయ మిషనరీ కౌన్సిల్ మహాసభ జరిగింది. దక్షిణ ఆఫ్రికా ప్రతినిధులలో లుథులి ఒకరు. ఆనాడు కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఆ మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. ఆ సభలో ప్రముఖ పాత్ర వహించినవారిలో మన దోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు ఉన్నారు. ఆసియా, ఆఫ్రికా సంఘాలు పాశ్చాత్య సంఘాలతో సరిసమానంగా కూర్చుని మాట్లాడిన గొప్ప సభల్లో అదొకటి. సొంత దేశంలో తెల్లవారి పక్కన బల్ల మీద కూర్చోవడానికి వీలులేని మనిషి ఇక్కడ ప్రపంచ సంఘంలో ఒక అవయవంగా కూర్చున్నారు. ఆ ప్రయాణం తన చూపును విశాలం చేసిందని ఆయన తరువాత తన ఆత్మకథలో తెలిపారు.

మనకు మరో బంధం కూడా ఉంది. 1860 నవంబరులో మద్రాసు నుండి బయలుదేరిన మొదటి ఓడ డర్బన్ చేరింది. ఆ తరువాత యాభై ఏళ్లపాటు ఒప్పందపు కూలీలుగా నటాల్ చెరకు తోటలకు వెళ్లినవారిలో తమిళులతోపాటు మన తెలుగువారూ వేలల్లో ఉన్నారు. లుథులి ఊరి చుట్టూ ఉన్న తోటలు అలాంటి కూలీల చెమటతో పండినవే. 1949 జనవరిలో డర్బన్‌లో ఆఫ్రికన్లకు భారతీయులకు మధ్య ఘోరమైన అల్లర్లు చెలరేగాయి. 142 మంది ప్రాణాలు కోల్పోయారు. పైనున్న దొర ఇద్దరినీ తొక్కుతుంటే, కిందనున్న ఇద్దరు ఒకరినొకరు కొట్టుకున్నారు. ఆ గాయం పచ్చిగా ఉన్న రోజుల్లోనే లుథులి భారతీయ నాయకులతో చేయి కలిపారు. భారతీయులను నమ్మవద్దని సొంతవారిలో కొందరు సణిగినా వెనక్కి తగ్గలేదు. శాంతి అంటే ముందు పక్కింటివాడితో సమాధానపడటమని ఆయన గ్రహించారు.

ఇద్దరు ప్రసంగీకులు

1948 ఎన్నికల్లో నేషనల్ పార్టీ గెలిచి వర్ణవివక్షను రాజ్యవిధానంగా ప్రకటించింది. ఆ ప్రభుత్వానికి ప్రధానమంత్రి డి. ఎఫ్. మలాన్. ఇక్కడ విశ్వాసులమైన మనం ఒక క్షణం ఆగాలి. మలాన్ నాస్తికుడు కాడు. డచ్ రిఫార్మ్‌డ్ సంఘంలో అభిషేకం పొందిన కాపరి. 1915లో సంఘం విడిచి పత్రికా సంపాదకుడై, తరువాత పార్లమెంటుకు వెళ్లారు. ఈ పేజీ రాసేవాడు కూడా కాపరి, సంపాదకుడే కాబట్టి ఆ సంగతి మరీ గుచ్చుకుంటుంది. ఆయన బైబిలు చదివారు, ప్రార్థించారు, దేవుని పేరు ఎత్తారు. జాతులను వేరుచేయడం దేవుని చిత్తమని ఆయన సంఘంలోని వేదాంత పండితులు వాక్యం చూపించి మరీ బోధించారు.

కాబట్టి విశ్వాసాన్ని రాజకీయాన్ని కలపడంలోనే మేలుందని అనుకోకూడదు. మలాన్ కూడా కలిపారు. ఒకే బైబిలు, ఒకే దేశం, ఇద్దరు ప్రసంగీకులు. తేడా ఎక్కడుంది?

అది 1952లో బయటపడింది. ఆ ఏడాది జూన్ 26న ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్, భారతీయ కాంగ్రెస్ కలిసి అన్యాయపు చట్టాలను శాంతియుతంగా ధిక్కరించే ఉద్యమం మొదలుపెట్టాయి. తెల్లవారికి మాత్రమే అని రాసిన ద్వారాల గుండా నడిచి, చేతులు చాచి బేడీలు వేయించుకున్నారు. 8,000 మందికి పైగా జైళ్లకు వెళ్లారు. అప్పటికి లుథులి నటాల్ శాఖకు అధ్యక్షులు. ప్రభుత్వం ఆయనను రాజధానికి పిలిపించి, కాంగ్రెసైనా వదులుకో, ఊరి నాయకత్వమైనా వదులుకో అని తేల్చింది. ఆయన రెండూ వదలనన్నారు. ఊరికి నాయకుడనేవాడు ముందు తన ప్రజలకు సేవకుడు, ఆ తరువాతే ప్రభుత్వానికి ఉద్యోగి అన్నది ఆయన నమ్మకం. నవంబరులో ప్రభుత్వం ఆయనను పదవి నుండి తొలగించింది.

అప్పుడు ఆయన వెలువరించిన ప్రకటన శీర్షికలోనే సిలువ ఉంది. స్వాతంత్ర్యానికి వెళ్లే దారి సిలువ మీదుగానే వెళ్తుందని ఆయన లోకానికి తెలిపారు. ఎన్నో ఏళ్లు ఓపికగా, మర్యాదగా తలుపు తట్టినా ఫలితం లేకపోయిందని, ఇక ముందుకు సాగడంలో ఎగతాళి, జైలు, దెబ్బలు, మరణం కూడా రావచ్చని రాశారు. అది ఎవరినీ ద్వేషించమని పిలుపు కాదు. తన మీదికి ఏమి వచ్చినా భరిస్తాననే సమర్పణ.

తేడా ఇక్కడుంది, ప్రియులారా. దేవుని పేరుతో గద్దె నిలుపుకోవాలనుకున్నవాడు ఒకరు. దేవుని నిమిత్తం కుర్చీ పోగొట్టుకున్నవాడు ఇంకొకరు. ఒకరి విశ్వాసం తనవారిని కాపాడే గోడైంది. ఇంకొకరి విశ్వాసం పరాయివారి కోసం కూడా తెరిచిన తలుపైంది. రాజకీయంలో కలిసిన విశ్వాసం సత్యమో కాదో ఎలా తెలుస్తుందని ఎవరైనా అడిగితే, దాని వెల ఎవరు చెల్లిస్తున్నారో చూడమని చెప్పాలి. మనం చెల్లిస్తున్నామా, మన పొరుగువాడి చేత చెల్లిస్తున్నామా?

సంకెళ్ల మధ్య అధ్యక్షుడు

పదవి ఊడిన మరుసటి నెలలోనే, 1952 డిసెంబరులో, కాంగ్రెస్ ఆయనను దేశాధ్యక్షునిగా ఎన్నుకుంది. జనం చివరివరకూ ఆయనను నాయకుడనే పిలిచారు. ప్రభుత్వం కుర్చీ తీసుకోగలిగింది గాని ఆ పిలుపును తీసుకోలేకపోయింది. అది మొదలు ఆయన జీవితం నిషేధాల మీద నిషేధాలతో గడిచింది. సభల్లో పాల్గొనరాదు, జిల్లా దాటరాదు. 1955లో క్లిప్‌టౌన్‌లో స్వాతంత్ర్య పత్రాన్ని ఆమోదించిన మహాసభకు సొంత సంస్థ అధ్యక్షుడే వెళ్లలేకపోయారు. 1956 డిసెంబరులో తెల్లవారుజామున పట్టుకుపోయి, మొత్తం 156 మందిలో ఒకరిగా ఆయన మీద రాజద్రోహ నేరం మోపారు. ఆయన మీది అభియోగం ఏడాది తరువాత ఉపసంహరించారు. అంతకుముందే నల్లజాతి పిల్లలను కూలిపనికి సరిపడే చదువుకే పరిమితం చేసే విద్యాచట్టం వచ్చింది. ఆయన యౌవనమంతా ధారపోసిన ఆడమ్స్ కాలేజీ మిషను చేతుల్లోంచి ప్రభుత్వం చేతుల్లోకి పోయింది.

1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో, పాస్ పుస్తకాల చట్టానికి నిరసన తెలుపుతున్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపారు. కొద్ది రోజులకే లుథులి అందరి ఎదుట తన పాస్ పుస్తకాన్ని తగలబెట్టారు. చనిపోయినవారి కోసం దేశమంతా సంతాపదినం పాటించమని పిలుపునిచ్చారు. ఒక చేత్తో చట్టాన్ని ధిక్కరించారు, ఇంకో చేత్తో కన్నీరు తుడిచారు. ఆయనను మళ్లీ అరెస్టు చేశారు. అప్పటికే రక్తపోటుతో బాధపడుతున్న ఆ పెద్దమనిషిని జైలు ఉద్యోగి ఒకడు చెంపమీద కొట్టాడు. ఆయన తిరిగి చేయెత్తలేదు.

1961లో, అంతకుముందు సంవత్సరానికి చెందిన నోబెల్ శాంతి బహుమతి ఆయనకు ప్రకటించారు. దక్షిణ ఆఫ్రికా ప్రభుత్వం సణుక్కుంటూనే పదిరోజులకు మాత్రం పాస్‌పోర్టు ఇచ్చింది. డిసెంబరు 10న ఓస్లోలో జూలూ నాయకుని సంప్రదాయ దుస్తుల్లో నిలబడి బహుమతి అందుకున్నారు. ఆ డబ్బుతో దంపతులు ఏమి చేశారో చూడండి. పక్క దేశమైన స్వాజీలాండ్‌లో పొలాలు కొన్నారు. నోకుఖాన్యా అమ్మగారు ప్రతి ఏటా నెలల తరబడి అక్కడ ఉండి, నాగలి వెంట నడిచి, ప్రవాసంలో ఉన్నవారికి ఆసరాగా ఆ పొలాలను సాగుచేశారు. భర్త పేరు లోకమంతా మోగుతున్నప్పుడు ఆ తల్లి మట్టిలోనే ఉంది.

కఠినమైన ప్రశ్న

ఈ జీవితంలోని కష్టమైన భాగాన్ని దాటవేస్తే నిజాయితీ కాదు. లుథులి ఓస్లో నుండి తిరిగివచ్చిన వెంటనే, డిసెంబరు 16న, నెల్సన్ మండేలా మొదలైనవారు స్థాపించిన సాయుధ దళం మొదటి పేలుళ్లు జరిపింది. కాంగ్రెస్‌ను పూర్తిగా నిషేధించి, శాంతియుత మార్గాలన్నీ మూసివేశాక యువతరం ఆ దారి పట్టింది. అంతకుముందు జరిగిన చర్చల్లో కాంగ్రెస్ అహింసా విధానానికే కట్టుబడాలని లుథులి గట్టిగా పట్టుబట్టారు. సాయుధ దళం వేరే సంస్థగా ఉండాలన్న ఏర్పాటు అలా వచ్చింది. ఆయన ఎంతవరకు ఒప్పుకున్నారన్న విషయంపై చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. 1964లో మండేలాకు, ఆయన సహచరులకు యావజ్జీవ శిక్ష పడినప్పుడు లుథులి ఒక ప్రకటన చేశారు. అహింసా విధానాన్ని విడువలేదని చెబుతూనే, అన్ని దారులూ మూసుకుపోయినచోట న్యాయం కోసం తెగించిన ఆ మనుషులను నిందించలేమన్నారు.

కొందరికి ఇది తడబాటుగా కనబడవచ్చు. నాకు మాత్రం ఇందులో ఒక కాపరి హృదయం కనబడుతుంది. తాను ఆ దారిలో నడవలేదు, తన సంస్థను నడవనివ్వలేదు. అయినా సురక్షితమైన చోట కూర్చుని, నలిగిపోయినవారి మీద రాయి వేయలేదు. గాయాన్ని పైపైన మాన్పి, లేని సమాధానాన్ని ఉన్నదని ప్రకటించిన ప్రవక్తలను యిర్మీయా గద్దించాడు. మనం చాలాసార్లు దెబ్బతిన్నవాడి కేకను అల్లరి అంటాం, కొట్టేవాడి నిశ్శబ్దాన్ని శాంతి అంటాం. నీతి వలన కలిగే ఫలమే సమాధానమని యెషయా 32వ అధ్యాయం మనకు బోధిస్తుంది. నీతి లేనిచోట ఉన్నది సమాధానం కాదు, భయం.

మాటలు మూసేసినా

చివరి ఏళ్లలో ఆయన మాటలను దేశంలో అచ్చువేయడం కూడా నేరమైంది. మోషే ఫరో ఎదుట చేసిన డిమాండునే పేరుగా పెట్టుకున్న ఆయన ఆత్మకథ 1962లో వెలువడి లోకమంతా చదివింది, ఆయన సొంత ప్రజలకు తప్ప. అదే ఏడాది గ్లాస్గో విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆయనను తమ రెక్టారుగా ఎన్నుకున్నా వెళ్లలేకపోయారు. ఊరిలోనే ఉండి పొలం చూసుకున్నారు.

1967 జూలై 21న గ్రౌట్‌విల్ దగ్గర రైలుమార్గం పక్కన తీవ్ర గాయాలతో కనబడ్డారు. ఆ రోజే ఆసుపత్రిలో మరణించారు. రైలు తగిలిందని, ప్రమాదమని ఆనాటి విచారణ తేల్చింది. కుటుంబం నమ్మలేదు. సుమారు 58 ఏళ్ల తరువాత ఆ విచారణను తిరిగి తెరిచారు. ఆయనది ప్రమాదం కాదని, దాడిలో తగిలిన దెబ్బల వల్లే మరణించారని 2025 అక్టోబరులో పీటర్‌మారిట్జ్‌బర్గ్ హైకోర్టు తీర్పు చెప్పింది. తన ప్రకటనలో 1952లోనే ఆయన ముందుగా లెక్కవేసుకున్న వెల అది. హేబెలు రక్తం నేలలోనుండి మొరపెట్టిందని చదువుకుంటాం. ఆ మొర వినడానికి ఒక దేశానికి దాదాపు అరవై ఏళ్లు పట్టింది.

అయినా ఆయన విత్తినది నేలలోనే ఉండిపోలేదు. 1994 ఏప్రిల్ 27న, అన్ని జాతులవారూ కలిసి ఓటువేసిన మొదటి ఎన్నికల్లో, నెల్సన్ మండేలా తన జీవితంలో మొదటి ఓటు వేయడానికి డర్బన్ దగ్గరి ఓలాంగే పాఠశాలను ఎంచుకున్నారు. బాలుడైన లుథులి కొన్నాళ్లు చదువుకున్న బడి అది. తరువాత డెస్మండ్ టుటుగారి అధ్యక్షతన సత్యాన్వేషణ, సయోధ్య సంఘం కూర్చున్నప్పుడు, పగకు బదులు సత్యాన్ని ఒప్పుకోవడం అన్న మాట ఒక దేశపు ప్రభుత్వ కార్యక్రమమైంది. ఆ పని పూర్తయిందని ఎవరూ అనరు. భూమి విషయంలో, పేదరికం విషయంలో ఆ దేశం ఇంకా నలుగుతూనే ఉంది. కాని ప్రార్థన ఒకచోట, న్యాయం ఇంకోచోట అని విడదీయని మనుషులే అక్కడ దారి వేశారు.

ప్రియ సంఘమా, లుథులి ఎన్నడూ దేశాన్ని ఏలలేదు. ఆయన చేసిన మొదటి రాజకీయ కార్యం తన ఊరి చెరకు రైతుల లెక్క సరిచూడటం. మన ఊళ్లోనూ పట్టా దక్కని కుటుంబాలున్నాయి, పింఛను కాగితం పట్టుకుని తిరిగే వృద్ధులున్నారు, కులం పేరుతో వాకిట నిలబెట్టబడినవారు, మన మతం కానందున మనం పలకరించని పొరుగువారు ఉన్నారు. వారి కోసం ఈ వారం ప్రార్థించండి. ప్రార్థించి లేచాక వారితోకూడ ఆఫీసు మెట్లెక్కండి. మన సంఘానికి లాభం వస్తుందని కాదు, వారు దేవుని స్వరూపమందు సృజింపబడినవారు గనుక. దాని వలన మనకేమైనా నష్టం కలిగితే సంతోషించండి. సమాధానపరచువారు దేవుని కుమారులనబడుదురని సెలవిచ్చిన ప్రభువు, ఆ సమాధానాన్ని తన స్వరక్తంతో సంపాదించాడు గాని ఇతరుల రక్తంతో కాదు.

ఆయన కృప మనందరికి తోడైయుండును గాక. ఆమేన్.